పన్నెండు గొర్రెలకూ ఒకే ఎర్ర మచ్చ

కిందటేడాది వానాకాలం. శంషాబాద్ దాటాక, విమానాలు నెత్తి మీదుగా దిగే చోట మా పరిశోధన షెడ్డు. జబ్బు పడబోయే గొర్రెను దాని నడవడిని బట్టి కెమెరాతో ముందే కనిపెట్టాలని మా ప్రయత్నం. నా పని ట్రాకింగ్, అంటే వీడియోలో ఏ గొర్రె ఎటు వెళ్లిందో కంప్యూటర్ చేత పట్టించడం. పన్నెండూ తెల్లవే. చెవి నంబర్లు పైనున్న కెమెరాకు కనిపించవు. రెండు ఒరుసుకుని వెళ్తే చాలు, కంప్యూటర్ దీని పేరు దానికి తగిలించేది. దీన్ని ఐడీ స్వాప్ అంటారు. అందుకే ఒక్కోదాని వీపు మీద ఒక్కో రంగు వేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి అన్ని వీపులూ ఎర్రగా ఉన్నాయి.

"ఎవరు చేశారిది?" అని అరిచాను.

మేత వేసే యాదమ్మ నవ్వుతూ వచ్చింది. కందుకూరు వైపు కాపర్ల ఇంటి మనిషి. "నేనే బిడ్డా. ఒక్క మందకు గిన్ని రంగులేంది? నలుగురి గొర్లు కలిసిపోయినయనుకుంటరు. మా దిక్కు మందకు ఒక్కటే గుర్తు. గందుకే అన్నిటికి ఎర్రమట్టి జాజు పూసిన."

నాకు ఒళ్లు మండింది. సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే ఒక గొర్రెకు జ్వరం వచ్చిందని పశువుల డాక్టరు దాని చెవి నంబరు రాసి వెళ్లాడు. వీడియోలో అదేదో తేలకపోతే ఆరు నెలల పని గంగపాలు. ఏడుపొక్కటే తక్కువ.

"జర నీ సినిమా పెట్టు" అంటూ యాదమ్మ నా పక్కన కూర్చుంది. "తల ఊపుకుంట నడిచేది కడుపు కింద చుక్కున్నది. మూలకున్నది మూగది."

నమ్మలేక, పాత వీడియోలో రంగులు తీసేసి పరీక్ష పెట్టాను. పన్నెండుకు పన్నెండూ చెప్పింది!

"మరి జ్వరం వచ్చింది ఆ మూగదానికేగా? అదే దూరంగా ఉంది."

"అది పుట్టినకాన్నుంచి గట్లనే. జరమొచ్చింది గయ్యాళిదానికి. సూడు, ఇండ్ల ఎవర్ని నూకుతలేదు."

వెళ్లి చూస్తే డాక్టరు రాసిన నంబరు గయ్యాళిదాని చెవికే ఉంది, ఆమె చెప్పిందే నిజం. నేను ఆరు నెలలు వీపుల మీది రంగులే చూశాను, గొర్రెలను చూడలేదు. ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్లినా ముందు కాపరి పక్కన కూర్చుని, ఏది ఎలాంటిదో రాసుకున్నాకే కెమెరా బిగిస్తాను.

రిపోర్టులో యాదమ్మ పేరు కూడా వేశాం. చదివి వినిపిస్తే చాలా సంతోషపడింది. ఆ వెంటనే, "మరి గొర్ల పేర్లేవి?" అంది.

లేవు. మళ్లీ కూర్చుని పన్నెండూ రాశాను. గయ్యాళిదాని పేరు మొదట.