అవ్వబాపుల ఇస్తరాకు

ఈ ఏడు పెత్రమాసకు మా తమ్ముడు మమ్ముల కన్న అవ్వబాపులకు బువ్వ పెట్టిండు, నన్ను పిలువలేదు. ఇంటికి పెద్దకొడుకును నేను. బతికే ఉన్న. నేను కూసోవలసిన జాగల వాడు కూసున్నడు. నేను తినవలసిన ఆకుల వాడు తిన్నడు.

ఇది అన్యాయం. ఎవరు ఎన్ని తీర్ల సర్దిచెప్పినా అన్యాయమే.

పెత్రమాస అంటే మా దిక్కు పోయినోళ్ల పండుగ. ఆ అమాస నాడు వాళ్లు ఇంటికి వచ్చి తిని పోతరని నమ్మకం. ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క తీరు చేస్తరు. మా ఇంట్ల మోదుగాకుల ఇస్తరాకులు రెండు పక్కపక్కన పరుస్తం. బాపు ఆకుల యాట కూర, ఎండుచేపల పులుసు, పక్కన చిన్న గిలాసల కల్లు. అవ్వ ఆకుల గారెలు, పాశెం, ఒక మూలకు జొన్న గట్క మాడు. చిన్నప్పుడు మాకందరికి పెట్టినంక అవ్వ కుండ అడుగున అంటిన మాడు గీక్కొని తినేది. అవ్వకు మాడంటే ఇష్టమనుకునేటోళ్లం. ఆమెకు అదే మిగిలేదని తెలిసే వయసు వచ్చినంక గూడ, పోయినంక గూడ, ఆకుల మాడు పెట్టుడు ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకూ తెల్వదు.

వడ్డించి, సాంబ్రాణి పొగ ఏసి, అందరం బయటికి వచ్చి తలుపు దగ్గరికేస్తం. జర సేపటికి పెద్దకొడుకు ఒక్కడే లోపలికి పోయి ఆ ఆకుల ముంగట కూసుంటడు. రెండు ఆకులల్ల ఉన్నదంతా తినాలె. మాట్లాడొద్దు. మెతుకు మిగలొద్దు. ఆయన తిన్నదే వాళ్లు తిన్నట్టు. లేచి గడప కాడికి వచ్చి "తిన్నరు" అంటడు. ఆ మాట పడ్డంకనే మిగిలినోళ్లకు బంతి. బాపు పోయిన ఏటి నుంచి ఆ మాట నా నోట్ల నుంచే వచ్చింది. ఒక ఏడు జరంతోని ఒళ్లు కాలుతుంటే తిన్న. ఇంకో ఏడు పన్ను పీకిచ్చుకొని బుగ్గ వాచి ఉంటే ఒక్క పక్కనే నమిలి తిన్న. ఒక్కసారన్నా మెతుకు మిగిలిచ్చిన్నా అంటే లేదు. నాకు ఇంత పొట్ట పెరిగిందంటే ఆ పాపంల కొంత ఆ ఆకులది గూడ.

పొట్ట సంగతి చెప్పాలె. కరీంనగర్‌ల నాది మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. బాయిల మోటార్లు కాలిపోతే రైతులు నా దగ్గరికి తెచ్చేటోళ్లు. పొద్దుగాల పీట మీద కూసుంటే దీపాలు పెట్టెటాలకు లేచేది. బడికి పోయింది తక్కువ. తెలుగు పొట్లాల కాయిదాలు విప్పి చదివి నేర్చుకున్న, ఇంగ్లీషు అక్షరాలు మోటార్ల మీది రేకులు చూసి నేర్చుకున్న. కూసోని కూసోని ఒళ్లు పెరిగింది, షుగర్ వచ్చింది, మోకాళ్లు అరిగినయి. మోకాళ్ల డాక్టరేమో "ముందు బరువు తగ్గించుకొని రా, తరువాత చూద్దాం" అన్నడు. నడిస్తె గద బరువు తగ్గేది? నడువనీకి మోకాళ్లేవి? ఆఖరుకు పొట్ట చిన్నగ చేసే ఆపరేషన్ చేయించుకున్న. కడుపుల పెద్ద భాగం కోసి తీసేసిండ్రు. మిగిలింది అరటిపండంత.

ఆ తరువాతి దినాలు పగోనికి గూడ వద్దు. కోసింది కడుపుల, నొచ్చింది భుజంల. లోపలికి గాలి ఎక్కిచ్చి కోస్తరు కాబట్టి ఆ గాలి పోయేదాంక భుజం నొస్తదట, కోసినంక చెప్పిండ్రు. నడుముకు బెల్టు. పొట్ట మీద నాలుగైదు చిన్న బొక్కలు. అన్నిటికన్న ఎక్కువ బాధ దూప. నోరు ఎండి నాలుక అంగిటికి అంటుకుంటది గాని గుటకెయ్యొద్దు. మా ఇంటామె దగ్గుమందు సీసా మూతల నీళ్లు పోసి పెదవుల కాడ పెట్టేది.

"చప్పరించు. మింగకు, చప్పరించు."

ఒక్క మూత నీళ్లు అయిపోయెటాలకు టీవీల వార్తలు అయిపోయేటివి. జర తొందరపడితే గుండెల బండ పెట్టినట్టయ్యి, నోటి నిండ నురుగొచ్చేది.

నీళ్లయినంక పప్పుకట్టు. పప్పు గాదు, పప్పు మీద తేరిన నీళ్లు. తరువాత పలుచటి జావ. చిన్నప్పుడు ఇంట్ల ఏం లేక తాగిన గంజి అది. దాని నుంచి తప్పిచ్చుకోవాలెననే గద జీవితమంత రాగితీగెలు చుట్టింది. ఇప్పుడు పైసలిచ్చి కడుపు కోయించుకొని మళ్ల ఆ గంజి కాడికే వచ్చిన. ఇంట్లోళ్లు తింటుంటే పోపు వాసన వచ్చేది. నేను గోడ దిక్కు తిరిగి పండుకునేటోన్ని.

పక్కింటి సాయిబు ఒక్కడు నన్ను మనిషి లెక్క చూసిండు. ఇనుప సామాన్ల యాపారం చేసి మానుకున్న ముసలాయన, నా ఈడోడు. ఒకనాడు బొక్కల సూపు గిన్నెల పట్టుకొచ్చిండు.

"తాగు భాయ్, ఫికర్ చెయ్యకు. ముక్క లేదు, మూలుగ లేదు. కొత్త రుమాలుల వడగట్టిన."

మూతతోని తాగుతున్న నన్ను చూసి తల ఊపిండు. "మా రోజాలు ఒక్క నెలే. నీకు జిందగీ మొత్తం రంజానే గదనె!"

నవ్వితే కుట్లు గుంజినయి. అయినా నవ్విన.

"మీ ఇద్దరి నవ్వులు పాడుగాను" అన్నది మా ఇంటామె. "కుట్లు ఊడితే మళ్ల దవాఖానల కింద పండేది నేను."

మా తమ్ముడు దవాఖానకు ఒక్కసారి వచ్చిండు. వాడు మెట్‌పల్లిల మా బాపు ఇంట్లనే ఉంటడు, ఏటా పెద్దలకు పెట్టేది ఆడనే. పసుపు కొంటడు, అమ్ముతడు. మంచం పక్కన నిలబడ్డడు. మా ఇంటామె మూత ఎత్తి నా నోట్ల ఒంపుతుంటే చూసిండు. "గిదేం తిండే అన్నా" అన్నడు. బస్సుకు ఆలస్యమైతుందని పోయిండు. మెట్‌పల్లికి బస్సులు లేని యాళ్ల గాదది. అప్పుడే నాకు అనుమానం రావాలె. రాలేదు.

నా మనసంతా పెత్రమాస మీదనే ఉండె. దవాఖానల తిండి గురించి చెప్పే పిల్లను అడిగిన, "బిడ్డా, పెత్రమాస నాటికి నేనొక ముద్ద తినొచ్చునా?"

"ముద్దంటే ఎంత అంకుల్?"

నేను పిడికిలి చూపిచ్చిన. ఆ పిల్ల నవ్వి తన బొటనవేలు కొన చూపిచ్చింది. "ఇంత. అది గూడ మెత్తగ మెదిపి, బాగ నమిలి. అన్నం మాత్రం అప్పుడే వద్దు."

బొటనవేలంత చాలు అనుకున్న. ప్రతి ఆకుల నుంచి అంత తీసుకొని, చారుల మెదుపుకొని, నోట్లె ఏసుకుంట. మిగిలింది తమ్మున్ని లోపలికి పిలిచి ఇస్త. ఇద్దరం కలిసి ఆకులు ఖాళీ చేస్తం. ఆనవాయితీ గట్టు దాటది, నా పెద్దరికం నాకుంటది. వాడికి ముందుగల చెప్పలేదు. తమ్మునికి చెప్పి అడిగేదేమున్నది, ఆడికి పోయినంక చేసి చూపెడుదం అనుకున్న.

అప్పటి నుంచి మొదలుపెట్టిన నేర్చుకునుడు. రోజు పగటీలి స్టూలు మీద కూసోని, ముంగట బల్ల మీద ఇస్తరాకు ఏయించుకునేటోన్ని. మెదిపిన పెసరపప్పు, సొరకాయ గుజ్జు, చెంచా కొనకు వచ్చినంత. నోట్లె పెట్టుకొని, నీళ్లయ్యేదాంక నమిలి, ఆగి, కడుపు ఏమంటదో ఇని, మళ్ల ఇంకొంచెం. కాలిపోయిన మోటారుకు కొత్త తీగె చుట్టేటప్పుడు గూడ నేను అంత నిదానం పట్టలే.

మా ఇంటామె చూసి, "ఏందయ్యా, వాళ్లు అమాసకు వస్తరు. నువ్వు ఇయ్యాల్టి నుంచే పెట్టబడితివి" అన్నది.

ఒకనాడు ధైర్యం చేసి గారె చారుల నానబెట్టి గోరంత తుంచి ఏసుకున్న. అది పోయి రొమ్ముల నిలబడ్డది. కిందికి పోదు, పైకి రాదు. కండ్లల్ల నీళ్లు, నోటెంట నురుగు. మా ఇంటామె ఈపు రాసుకుంటనే తిట్టింది.

"తిను! ఇంకొక్కటి తిను! వచ్చే ఏడు నీకు గూడ పక్కన ఒక ఆకేస్త!"

అమాస దగ్గరికొచ్చింది. ఏటేటా తమ్ముడు ముందుగల్నే ఫోన్ చేసి "అన్నా, ఎప్పుడొస్తున్నరే" అని అడుగుతుండె. ఈసారి ఫోన్ రాలే. పనిల పడి మరిచిండేమో అనుకున్న. పండుగ నాడు పొద్దుగాల తానం చేసి, తెల్లధోతి కట్టుకొని, తెలిసినోని కారు మాట్లాడి పెట్టుకొని కూసున్న. పగటీలి అయ్యింది. ఫోన్ చేస్తే తమ్ముడు ఎత్తలే. మరదలు ఎత్తింది.

"పానం ఎట్లుంది బావా?"

"నా పానం సంగతి తరువాత. పెద్దలకు ఎప్పుడు పెడుతుండ్రు? నేను బయలెల్లుతున్న."

"పెట్టుకున్నం బావా. పొద్దుగాలనే అయిపోయింది."

"ఆకుల కాడ ఎవరు కూసున్నరు?"

"ఇగ... ఆయినెనే."

ధోతి ఇప్పి దండెం మీద ఏసిన. ఆ సాయంత్రం గల్లీల ఆడపిల్లలు బతుకమ్మలు పెట్టి ఆడుతుంటే తలుపు పెట్టుకున్న. ఆ పూట నేను ఉన్న ఉపాసం ఏ డాక్టరు చెప్పింది గాదు. మా ఇంటామె మూత పట్టుకొని వచ్చింది. నేను మొఖం తిప్పుకున్న.

"నీ కడుపే నీ చేతుల లేదు, ఎందుకయ్యా గీ పంచాది?"

"కడుపు కోస్తే పెద్దరికం గూడ కోసినట్టా?"

నాకు యాదుంటది. అదే నా రోగం. మా బాపు ఒక ఆసామి దగ్గర జీతముండె. పగటీలికి ఆయనకు పెట్టిన గట్కల సగం తిని, సగం బట్టల మూటగట్టి ఇంటికి తెస్తుండె. ఆ మూట విప్పి పంచేది నేను. తమ్మునికి పెద్ద ముక్క, నాకు చిన్న ముక్క. వాడు తన ముక్క తిని నా దిక్కు చూస్తే, నాదాంట్ల కొంత తుంచి ఇచ్చేది. అప్పుడు నాకు పెద్దరికం ఎవ్వరు ఇయ్యలే. ఆకలి ఇచ్చింది. దాన్ని ఇయ్యాల వాడు గుంజుకున్నడు.

కొన్నాళ్లు ఓపిక పట్టిన. వాడు వస్తడేమో, నాలుగు మాటలు చెప్తడేమో అని చూసిన. రాలే. ఇగ నేనే బస్సెక్కిన. మా ఇంటామె ఒద్దంటనే ఎంట వచ్చింది, సంచిల జావ సీసా, మూత. కొండగట్టు కాడ బస్సు ఆగితే మిర్చీల వాసన కిటికీల నుంచి వచ్చింది. సగంమంది దిగి పొట్లాలు కొనుక్కొచ్చి నా పక్కనే తిన్నరు. ప్రతి కుదుపుకు బెల్టు పట్టుకొని, నేను అడగవలసిన మాటలు ఒక్కొక్కటి వరుస పెట్టుకున్న.

తమ్ముడు ఇంట్లనే ఉన్నడు. చేతులకు పసుపు. నన్ను చూసి గబుక్కున లేచిండు.

"బస్సులనా వచ్చినవే? ఫోన్ చేస్తే నేనే రాకపోదునా అన్నా?"

"ఫోన్ ముచ్చట నువ్వు మాట్లాడకు."

మరదలు పలుచటి మజ్జిగ తెచ్చి నా ముంగట పెట్టి పక్కకు జరిగింది. నేను ముట్టలే.

"పెద్దోడు ఉండంగ చిన్నోడు ఆకుల కాడ కూసునుడు ఏ ఊరి న్యాయంరా?"

"నువ్వు పత్తెముంటివి గదనె."

"పత్తెమున్నోడు ఫోనెత్తడా?"

"కుట్ల మీద గింత దూరం ఎట్లొస్తవని..."

"మరి ఇయ్యాల రాలేదా?"

"అందరు తింటుంటే నీకు బాధైతదని..."

"మా ఇంట్ల పొయ్యి ఆర్పిండ్రా? రోజు తింటనే ఉన్నరు, నేను చూస్తనే ఉన్న. సాకులు చెప్పకు తమ్మీ. బాపు నన్ను కూసోబెట్టిండు ఆ జాగల. లెవ్వుమంటే బాపు చెప్పాలె, నువ్వు గాదు."

వాడు తల దించుకొని చేతుల పసుపు తువ్వాలకు తుడుసుకుంటున్నడు. మా ఇంటామె "ఇగ చాలు తియ్యి" అన్నది. నేను ఆగలే.

"నీకేం తెలుసు? రోజు ఇస్తరాకు ముంగటేసుకొని మింగుడు నేర్చుకున్న. గారె అడ్డంపడి సచ్చిపోబోయిన. ఎవరి కోసం? ఒక్క ముద్ద తిని వాళ్లు తిన్నరని చెప్పేటోన్ని. ఒక్క ముద్ద!"

అప్పుడు వాడు తలెత్తిండు.

"ఎంత ముద్దనె?"

నేను బొటనవేలు కొన చూపిచ్చిన.

వాడు నా ఏలు దిక్కు చానసేపు చూసిండు. తువ్వాల మడిచి భుజాన ఏసుకున్నడు. వాడి గొంతు లేవలే, నాకే ఇనబడేటట్టు అన్నడు.

"అన్నా, బతికున్నన్నాళ్లు వాళ్లు ఒక్కనాడు గూడ కడుపు నిండ తినలే. సచ్చినంక ఏడాదికి ఒక్క పూట వస్తరు. ఆ ఒక్క పూట గూడ నీ బొటనవేలంత తిని లేచిపొమ్మందునా?"