నాన్నను డ్యూటీకి పంపిన గడియారం

"ఆ రోజుల్లో" అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది, "నీకు అప్పుడే ఆ రోజులు వచ్చినయా?" అని. నిజమే, ఇది మరీ పాతకాలం సంగతేం కాదు. హైదరాబాద్ ఉద్యోగాలు హైదరాబాద్ వెళ్లకుండానే చేసుకోవచ్చని కంపెనీలు ఒప్పుకున్న కాలం. కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట మా కాలరీ, అంటే బొగ్గుగని కార్మికుల కాలనీ. అక్కడ రెండు గదుల క్వార్టర్‌లో, బియ్యం డ్రమ్ము పక్కన వేసుకున్న ప్లాస్టిక్ బల్ల మీద నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నయ్యాను. తను రాసిన నాలుగు వరుసల ప్రోగ్రామ్‌తో లోకం బాగుపడిపోతుందని నమ్మే వయసొకటి ఉంటుంది కదా, అందులో అప్పుడు నేను పీకల దాకా మునిగి ఉన్నాను.

నాన్న భూమి లోపల గనిలో పని చేసేవాడు. పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే మా ఇల్లు మూగదైపోయేది. పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని ఆయన పడుకోగానే అమ్మ ఆ గది కిటికీకి దుప్పటి కట్టేసేది. ఆ వారం కుక్కర్ అటక ఎక్కేది, గిన్నెలోనే అన్నం. కూరగాయలమ్మే ఆమె మా గుమ్మం ముందు గొంతు దించి, రెండిళ్లు దాటాక మళ్లీ ఎత్తుకునేది (ఏ ఇంటి ముందు అరవాలో, ఏ ఇంటి ముందు అరవకూడదో ఆమెకు షిఫ్టుల వారీగా తెలుసు). అమ్మ దేనికైనా సర్దుకునేది కానీ, నాన్న పగటి నిద్ర దగ్గర మాత్రం రాజీ లేదు. "కండ్లు మూతలు పడే మనిషి బొగ్గు కింద నిలవడొద్దు" అనేది. ఆయన గురక వినబడుతున్నంతసేపూ ఆమె ముఖం తేటగా ఉండేది. గురక ఆగితే చేతిలో పని ఆపి చెవులు రిక్కించేది.

ఇక నా బాధ వేరు. రోజూ పదకొండున్నరకు మా టీమ్ కాల్. పనిలో మునిగితే నాకు ఒళ్లు తెలియదు. తీరా తలెత్తేసరికి కాల్ సగమైపోయేది. మా టీమ్ లీడ్ సార్ మంచివాడే, కానీ ఆయన ఓపిక కూడా అయిపోయింది. "ఇంకోసారి లేటైతే నేనేం చెయ్యలేనమ్మా, నీదింకా ప్రొబేషనే" అన్నాడు. మామూలు మనిషైతే ఫోన్‌లో అలారం పెట్టుకుంటుంది. నేను ఇంజినీర్‌ని కదా! అప్పటికే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే ఆ నల్లటి తెర మీద, పెద్ద పెద్ద అంకెలతో ఒక గడియారం రాసుకుని మురిసిపోతున్నాను. దానికి కౌంట్‌డౌన్ చేర్చాను. కాల్‌కు ఇంకెంత సమయం ఉందో లెక్క దిగుతూ ఉంటుంది, పది నిమిషాలుందనగా అంకెలు పసుపవుతాయి, ఐదు నిమిషాలుందనగా గంట మోగుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటాయి కాబట్టి నాన్న నిద్రకు ఢోకా లేదు. అమ్మ వచ్చి చూసింది.

"గోడకు గడియారం ఉండంగ నువ్వు ఇంకోటి రాసుడేందే? గిదేమన్న ఎక్కువ టైమ్ ఇస్తదా?"

"ఇది గుర్తు చేస్తదమ్మా."

"మరి నేను చేస్తలేనా పొద్దుగాల్ల సంది?" అని, రేషన్ సంచి తీసుకుని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఆమె అటు వెళ్లగానే పెరట్లో నల్లా వచ్చింది. గబుక్కున లేచాను. చున్నీకి ఇయర్‌ఫోన్స్ వైరు చిక్కుకుని కంప్యూటర్ నుంచి ఊడొచ్చిన సంగతి నేను చూసుకోలేదు. దాన్ని మించిన ఘనకార్యం ప్రోగ్రామ్‌లో చేసిపెట్టాను. "సరిగ్గా ఐదు నిమిషాలు మిగిలినప్పుడు మోగు" అని రాయాల్సింది, "ఐదు నిమిషాలు, అంతకన్నా తక్కువ మిగిలినప్పుడు మోగు" అని రాశాను. కంప్యూటర్‌ను అనడానికేం లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. సెకనుకోసారి, ఫుల్ సౌండ్‌లో. నేనేమో పెరట్లో బిందె నిండే చప్పుడులో హాయిగా కూనిరాగం తీస్తున్నాను.

లోపల చీకటి గదిలో నాన్నకు అలారం వినబడింది. ఆయనకు అలారమంటే ఒకటే అర్థం. ఆలస్యంగా పోతే గనిలో మస్టర్ పడదు, హాజరు పోతుంది. కళ్లు పూర్తిగా తెరవకుండానే చొక్కా తొడుక్కుని, బూట్లేసుకుని, కడిగి బోర్లించిన ఖాళీ టిఫిన్ డబ్బాను సంచిలో వేసుకుని ముందు తలుపులోంచి వెళ్లిపోయాడు. బిందెతో లోపలికొచ్చేసరికి గడియారం గోల పెడుతోంది, మంచం ఖాళీ. బల్ల దగ్గరికి పరిగెత్తి దాని నోరు మూయించి గుమ్మంలోంచి చూస్తే, మండుటెండలో, వెలిగించిన టార్చిలైటు పట్టుకుని నాన్న మెయిన్ రోడ్డు వైపు వెళ్తున్నాడు.

కాల్‌కు ఇంకా రెండు నిమిషాలని తెర మీద కనబడుతోంది. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు ఎలా పోతాయో మా కాలరీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా నాన్న నిద్రలో నడుస్తున్నాడు. ఉద్యోగం సంగతి నాకప్పుడు గుర్తు కూడా రాలేదని చెబితే గొప్పగా ఉంటుంది. గుర్తొచ్చింది. అయినా పరిగెత్తాను, చెప్పుల్లేకుండా. నేను చేరేసరికి ఆయన రోడ్డు దాటి, డ్యూటీ బస్సు ఆగే చోట బుద్ధిగా నిలబడి ఉన్నాడు. ఎలా దాటాడో ఇప్పటికీ తలుచుకోను. చాయ్ బండి ఆయన అడుగుతున్నాడు:

"ఏందన్నా, గింత ఎండల టార్చిలైటెందుకు?"

నాన్న టార్చి వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "ఏంది, అప్పుడే తెల్లారిందా?"

"నాన్నా, డ్యూటీ కాదు. మోగింది నా గడియారం" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నీ గడియారానికి నా డ్యూటీతోని ఏం పని బిడ్డా?" అన్నాడు, నిజంగానే అర్థం కాక. చాయ్ బండి దగ్గర అందరూ ఒకటే నవ్వు.

ఇంటికొచ్చేసరికి కాల్ అయిపోయింది. ఆ వెంటనే లీడ్ సార్ ఫోన్ చేశాడు. అబద్ధమాడే తెలివి కూడా లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "నాన్నగారు మళ్లీ పడుకున్నారా?" అని అడిగాడు. "ముందు ఆ సంగతి చూడు. రేపు ఆ గంట తీసేసి కాల్‌కి రా" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నాన్న పడుకున్నాడు కానీ, నిద్రపోలేదు. గోడకు చెవి ఆనించి ఎంతసేపు విన్నా గురక లేదు. సాయంత్రం లేచి ఒళ్లు విరుచుకుంటూ, "మంచిగ పట్టింది నిద్ర" అన్నాడు, రేషన్ షాపు దగ్గర పొద్దంతా నిలబడి అప్పుడే వచ్చిన అమ్మతో. ఈలోపు చాయ్ బండి కథ అమ్మ దాకా వచ్చేసింది. ఆమె ఆయన మాట పట్టించుకోకుండా నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే. గురక వచ్చిందా?"

అమ్మ భుజం మీదుగా నాన్న నాకు కళ్లతో సైగ చేస్తున్నాడు, వచ్చిందని చెప్పమని. డ్యూటీ మానడమంటే ఆయనకు నామోషీ. నా చిన్నప్పటి నుంచి ఆయన నన్నడిగిన సాయం అదొక్కటే. ఆ రాత్రి ఆయన నిలబెట్టబోయే దిమ్మెలు, వాటి పైనున్న బరువు కళ్ల ముందు మెదిలాయి.

"రాలేదమ్మా" అన్నాను.

అమ్మ మాట్లాడకుండా బూట్లు తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము వెనక దాచేసింది. "ఇయ్యాల నాగా. డ్యూటీ లేదు, గీటీ లేదు." నాన్న నా వంక చూసి, "సాఫ్ట్‌వేర్ చదివిస్తే నా మీదనే సాక్ష్యం చెప్పవడితివి" అన్నాడు. చీకటి పడకముందే ఆయన గురక మా క్వార్టర్ల లైన్ మొత్తానికీ వినబడింది. నేను గంట తీసేసి, ఐదు నిమిషాలుందనగా తెరంతా ఎర్రబడేలా మార్చుకున్నాను. నేను పనిలో మునిగి అది కూడా చూడకపోతే, అమ్మే వచ్చి భుజం కుదిపేది, "ఎర్రగైంది, చూడు" అని.

ఉద్యోగం నిలిచింది. నాన్న రిటైరయ్యాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో రాత్రి డ్యూటీలు నావి. మొన్న వరసగా అలాంటి రాత్రుల తర్వాత నాన్న ఫోన్ చేశాడు.

"పగలు నిద్ర పోయినవా బిడ్డా?"

"మంచిగ పట్టింది నాన్నా" అన్నాను, ఆవులింత మింగేసి.

ఆయన నెమ్మదిగా, "అమ్మకియ్యమంటవా ఫోను?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక, ఇప్పుడు నేనే టీమ్ లీడ్‌నని చెప్పుకుని తిరిగే నేను, ఆ రాత్రికి నాగా పెట్టి పడుకున్నాను.