మూత ఉన్న కప్పు

నర్సీపట్నంలో అబీద్ సెంటర్ దాటి మాకవరపాలెం వైపు బస్సు తిరిగిన కాసేపటికి, కిటికీలోంచి జీడిపిక్కల బట్టీ పొగ లోపలికి వస్తుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మా ఊరివాళ్ళు కండక్టరు కేకేయకముందే సీటు కింద చెప్పులు వెతుక్కుంటారు. సగం కమ్మగా, సగం గొంతు గీరుకుపోయేలా ఉండే ఆ పొగ పీల్చగానే బాల్యం కళ్ళ ముందు నిలిచిందని రాస్తే బాగుంటుంది గానీ, నాకు ముందు దగ్గు వస్తుంది. బాల్యం ఆ తర్వాత వస్తుంది.

ఆ బాల్యం అంత పాతదేమీ కాదు. ఇంటర్ చదివే పిల్ల బాల్య స్మృతులు రాయడమేమిటని మా నాన్న ఇప్పటికే అడిగాడు. నిజమే. కానీ పోయిన వస్తువు నిన్న పోయినా పోయినట్టే కదా, పాతబడేదాకా ఆగి ఏడవాలని ఎక్కడా లేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి మాట. పండగ వెళ్ళిపోయి, కోతలైన మళ్ళు ఖాళీగా పడి ఉండి, పొద్దున్నే మంచుకి తడిసిన గడ్డికుప్పల మీంచి ఆవిరి లేచే రోజులు. మా ఊరి వెనక బెల్లం పొయ్యిలు మండుతుండేవి. పాకం పొంగే వేళకి గాలి అటు తిరిగితే ఊరంతా తియ్యగా ఉండేది, ఇటు తిరిగితే జీడిపొగ వచ్చి ఆ తీపి కాస్తా విరిచేసేది. ఇళ్ళల్లో పండగ అరిసెలు ఇంకా డబ్బాల అడుగున మిగిలి, తినేవాళ్ళ పళ్ళకి పరీక్షగా గట్టిపడి ఉండేవి. మా పెదనాన్నకి రోడ్డు పక్కన ఒక మడి ఉండేది, అందులో మినుములు చల్లితే మొలవవు, అందుకని దాన్ని మాకు వదిలేశాడు. అదే మా ఫుట్‌బాల్ మైదానం. అటొక గడ్డికుప్ప, ఇటొక గడ్డికుప్ప. బంతి కుప్పకి తగిలి ఆగిపోతే గోల్, కుప్పలో దూరిపోతే అందరం కలిసి వెతికేదాకా విరామం. చెప్పుల్లేని కాళ్ళకి వరి మోళ్ళు గుచ్చుకునేవి కాబట్టి మా ఆటలో పరుగు కన్నా గెంతులు ఎక్కువ. దూరం నుంచి చూసినవాళ్ళు నిప్పులు తొక్కుతున్నామనుకునేవారు.

గెంతకుండా పరుగెత్తేది ఒక్కర్తే, మా రవణక్క. పెదనాన్న కూతురు, పదో తరగతి. మా రెండిళ్ళకీ ఒకటే వాకిలి. బడికి ఎక్కడినుంచో ఒక ఫుట్‌బాల్ వస్తే, దాన్ని బీరువాలో దాచకుండా బయటికి తీసిన మొదటి మనిషి మా డ్రిల్లు మేడమ్. ఆ బంతి రవణక్క కాలికి ఒకసారి అంటుకుంటే, ఇక అవతల జట్టువాళ్ళం కూర్చుని ముళ్ళు తీసుకోవచ్చు.

ఆ జనవరిలో డ్రిల్లు మేడమ్ స్వయంగా మా వాకిట్లోకి వచ్చింది. పెదనాన్న మర్యాదస్తుడు, కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, ఆ తర్వాతే కాదన్నాడు.

"రవణకి మంచి కాలుందండీ. విశాఖలో ఆడపిల్లల స్పోర్ట్స్ హాస్టల్‌కి ఎంపికలు జరుగుతున్నాయి. పంపించండి," అంది మేడమ్.

"కాలుంటే నడుత్తాదండీ. మన దేసం జట్టే గెలవనేని ఆట, మా గుంట ఆడి ఏటి సేత్తాదండీ?"

"గెలుస్తారండీ. ఈ నెలలో ఆసియా కప్పు మన దేశంలోనే జరుగుతోంది. మీరే చూడండి."

"అయితే ఒక్క మ్యాచి గెలవమనండి. ఆ మర్నాడే నానే తీసుకెల్లి దింపొత్తాను. గెలవకపోతే మాత్రం మరి అడక్కండి."

మా వైపు పెద్దమనిషి వాకిట్లో నలుగురి ముందు ఒక మాట అన్నాడంటే అది రాతి మీద చెక్కినట్టే. ఇబ్బందేమిటంటే, ఈ సంగతి భారత జట్టుకి ఎవరూ చెప్పలేదు. ముంబయి పక్కన ఎక్కడో ప్రాక్టీసు చేసుకుంటున్న ఆ అమ్మాయిలకి తాము దేశం కోసం ఆడుతున్నామనే తెలుసు. రవణక్క హాస్టల్ కోసం కూడా ఆడుతున్నామని తెలియదు.

ఆ వారమంతా మా ఇల్లు ఇల్లులా లేదు. రవణక్క ఇత్తడి బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్తూ కూడా కాలికి తగిలిన రాయినల్లా తన్నేది. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే మా మావయ్యకి ఫోను చేసి, భారత జట్టు బొమ్మలు పదకొండు కావాలన్నాను. ఆయన అంకుడు కర్రని తరిణె మిషను మీద తిప్పి చెక్కి, మూడు రోజుల్లో సంచితో వచ్చాడు. అన్నీ నీలిరంగే, మెరుపు తిరిగిపోతున్నాయి, ఇంకా లక్క వాసన కూడా పోలేదు. కానీ మావయ్య చెయ్యి పెళ్ళికూతురు బొమ్మలకి అలవాటు పడిన చెయ్యి. పదకొండు మందికీ బొట్టుంది, జడుంది, చేతులు ఒంటికి అతుక్కుని సిగ్గుపడుతూ నిలబడ్డారు. కాళ్ళు మాత్రం లేవు.

"కాలు లేకుండా ఎలా ఆడతారు మావయ్యా?"

"తరిణె మీద గుండ్రంగా తిరుగుతాదే అమ్మా, కాలెక్కడినుంచి వత్తాది? పరికిణీ కింద ఉన్నాయనుకో."

కప్పు కూడా తెచ్చాడు. ఎర్రలక్క, పసుపు గీతలు, చాలా అందమైన కప్పు. దానికి మూత ఉంది. కుంకుమ భరిణెలు చేసే మనిషికి మూతలేని పాత్ర చేయడానికి మనసొప్పలేదట. కప్పుకి మూతెందుకని మేమంతా నవ్వాం. రవణక్క నవ్వలేదు. మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, "బాగుంది మావయ్యా," అంది.

మొదటి మ్యాచ్ ఇరాన్‌తో. మా కేబుల్లో ఆ చానల్ రాదు. డేటా ఉన్న ఫోను ఇంట్లో ఒక్కటే, అది పెదనాన్నది. తీర్పు చెప్పేవాడూ ఆయనే, సాక్ష్యం ఆయన జేబులోనే. ఫోనుని వాకిట్లో పీట మీద, మూత కప్పుకి ఆనించి నిలబెట్టాం. పదకొండు మంది పెళ్ళికూతుళ్ళని దాని ముందు వరసగా పేర్చాం. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని ఫోనుకి దిష్టి తీసింది.

"ఫోన్లో ఉప్పు పడతాదే అమ్మా!" అని పెదనాన్న అరిచాడు.

"నీ నోట్లో పడనీరా, కాసేపూరుకుంతావు," అంది నాయనమ్మ.

కరోనా రోజులు కాబట్టి స్టేడియంలోకి జనాన్ని రానివ్వలేదు. అన్ని వేల కుర్చీలూ ఖాళీ. అక్కడ లేని జనం మా వాకిట్లో ఉన్నారు, ఇరుగూ పొరుగూ, బెల్లం పొయ్యి దగ్గర పనివాళ్ళూ, అరచేయంత తెర చుట్టూ ఒకరి భుజం మీద ఒకరు. ఇరాన్ అమ్మాయిల తలగుడ్డలు చూసి నాయనమ్మకి ముచ్చటేసింది.

"ఎండ తగలకుండా ఎంత పద్దతిగా సుట్టుకున్నారో సూడే. తెలివైనోలు."

"రాత్రి పూట ఎండేటే నాయనమ్మా?"

"ఆల ఊర్లో ఉంటాదేమో, నీకు తెలుసా?"

మనవాళ్ళు బాగా ఆడారు. బంతి ఎంతసేపూ అవతలి గోలు దగ్గరే తిరిగింది. గోల్లోకి మాత్రం పోలేదు. పోయిందనుకుని మేం లేచి గంతులేసినప్పుడల్లా సిగ్నల్ పోయి తెర మీద చక్రం తిరిగేది, సిగ్నల్ వచ్చేసరికి మన అమ్మాయిలు తల పట్టుకుని నిలబడి ఉండేవారు. చివరికి సున్నా సున్నా. రవణక్క తండ్రి ముఖం చూసింది. ఆయన మూతి తుడుచుకుని, "ఇంకా రెండున్నాయి కదే," అన్నాడు. అప్పుడు ఆయన గొంతులో తీర్పు లేదు. నిజం చెప్పాలంటే ఆయన కూడా గెలవాలనే చూశాడు. అందరికన్నా ముందు పీట మీదికి వంగినవాడు ఆయనే.

రెండో మ్యాచ్ ఆదివారం. నాయనమ్మ చలిమిడి కలిపింది. మేం మధ్యాహ్నానికే చాపలు పరిచేశాం. సాయంత్రం పెదనాన్న ఫోను చూసుకుంటూ వచ్చి, చూసుకుంటూనే నిలబడిపోయాడు. జట్టులో చాలామందికి కరోనా వచ్చిందట. ఆడడానికి సరిపడా మనుషులు లేరట. మ్యాచ్ లేదట.

"మిగిలినోలు ఆడొచ్చు కదరా," అంది నాయనమ్మ.

"సాలరటే అమ్మా."

"సాలకపోతే మన గుంటల్ని పంపుదుం. ఇక్కడ ఖాళీగానే ఉన్నారు."

మా చరిత్రలో మాకు భారత జట్టుకి పిలుపు రావడం అదొక్కసారే. చాపల మీద కూర్చున్న వాళ్ళందరూ నవ్వారు. రవణక్క ఒక్కర్తే లేచి నిలబడింది. నిజంగా బయల్దేరుతుందేమో అనిపించేలా నిలబడింది.

ఆ తర్వాత మూడో మ్యాచ్ కూడా పోయింది, జట్టే టోర్నమెంటు నుంచి పోయింది. ఇంకో ముచ్చట కూడా వార్తల్లో వచ్చింది. నిబంధన ప్రకారం అంతకుముందు ఆడిన మ్యాచ్ కూడా లెక్కలోకి రాదట. అంటే మేం మెడలు పట్టేసేలా చూసిన ఆ సున్నా సున్నా కూడా జరగలేదన్నమాట. మాకు సున్నా కూడా మిగలలేదు.

ఇక పంచాయితీ బెల్లం పొయ్యి దగ్గర జరిగింది. మ్యాచ్ చూసినవాళ్ళకన్నా దీనికే జనం ఎక్కువ. గెలిస్తే పంపుతానన్నాడు, గెలవకపోతే పంపనన్నాడు. ఆడకపోతే ఏం చెయ్యాలో ఆయనా అనలేదు, మేడమూ అడగలేదు. వేడి బెల్లం చెరుకు ముక్కకి చుట్టుకుని నాకుతూ ఊరి పెద్దలు ఈ ధర్మసందేహాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఓడిపోనేదు కదరా," అంది నాయనమ్మ.

"గెలవనూ నేదు కదే. మాటంటే మాటే," అన్నాడు పెదనాన్న.

మాట మీద నిలబడే మనిషని అందరూ తలలూపారు. మాట మీద నిలబడడం ఎంత సులువో అప్పుడు చూశాను, దాని కింద ఇంకొకరుంటే చాలు.

రవణక్క అక్కడికి వచ్చి ఒక్కటే అడిగింది. "జొరం ఆలకొచ్చింది. మంచం నాకు ఏత్తన్నారేటి నాన్నా?"

పాకం మాడుతోందని ఎవరో అరిస్తే ఆయన బేగి లేచి అటు వెళ్ళాడు. పాకం మాడలేదు. నేను వెళ్ళి చూశాను.

ఎంపికల రోజు మామూలుగా వచ్చి మామూలుగా వెళ్ళిపోయింది. ఆ రోజు రవణక్క మడిలోకి వచ్చి, అందరిలాగే, మోళ్ళ మీద గెంతుతూ ఆడింది.

పెదనాన్నకి లోపల ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. ఆ ఏడే దసరా వెళ్ళాక చిన్నమ్మాయిల ప్రపంచ కప్పు మన దేశంలోనే జరుగుతుందని తెలిసి, పాత మాట మళ్ళీ ఇచ్చాడు. "మల్లీ సూద్దుం. ఒక్కటి గెలవమను సాలు." మళ్ళీ పీట, మళ్ళీ మూత కప్పు, మళ్ళీ ఉప్పు మిరపకాయలు. మొదటి మ్యాచ్‌లోనే మనవాళ్ళు ఎనిమిది గోల్స్ తిన్నారు. మిగతా రెండూ ఓడిపోయారు. ఈసారి ధర్మసందేహం లేదు, పంచాయితీ అక్కర్లేదు. మూడో మ్యాచ్ అయ్యాక పెదనాన్న ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు, రవణక్క పీట తీసి గోడకి ఆనించింది. తరవాతి వేసవిలో డ్రిల్లు మేడమ్‌కి బదిలీ అయింది. కొత్తాయన బంతిని బీరువాలో భద్రపరిచాడు. అక్కడ అది క్షేమంగా గాలి పోగొట్టుకుంది.

ఇప్పుడు ఆ మడి లేదు. మినుములు మొలవని చోట ప్లాట్లు మొలిచాయి. గడ్డికుప్పలున్న చోట రంగు వేసిన సరిహద్దు రాళ్ళున్నాయి, గోల్ పోస్టులకి సరిగ్గా సరిపోయే వెడల్పులో. ఆడేవాళ్ళే లేరు. బెల్లం పొయ్యిల్లో ఒకటి ఉంది, మిగతావి చల్లారిపోయాయి. నాయనమ్మ లేదు. పెళ్ళికూతుళ్ళు పదకొండు మందీ చుట్టాల పిల్లల చేతుల్లో తలో ఇంటికీ వెళ్ళిపోయారు. జట్టంతా కలిసి ఉన్నది ఆ జనవరిలోనే.

మొన్నామధ్య వానాకాలంలో మన అమ్మాయిలు పరాయి దేశం వెళ్ళి, అక్కడి జట్టునే ఓడించి, మళ్ళీ ఆసియా కప్పుకి అర్హత తెచ్చుకున్నారు. పెదనాన్న ఆ వార్త ఫోనులో చూపిస్తూ ఊరంతా తిరిగాడు. "మన గుంటలు గెలిసేరు! నానప్పుడే సెప్పేను కదా!"

ఆ మాట చెబుదామని జీడిపిక్కల షెడ్డుకి వెళ్ళాను. ఉడికించి ఆరబెట్టిన పిక్కని మిషను బ్లేడు మధ్య పెట్టి కాలితో తొక్కితే పెంకు రెండుగా చీలుతుంది. వరసగా కూర్చున్న ఆడవాళ్ళందరిలోకీ రవణక్క మిషనే వేగంగా పడుతోంది. మేడమ్ ఎప్పుడో చెప్పింది కదా, మంచి కాలని. జీడి రసం తగిలితే చేతులు పొక్కుతాయి కాబట్టి, వాళ్ళంతా పక్కన ప్లాస్టిక్ డబ్బాల్లో ఆముదం పెట్టుకుని వేళ్ళు ముంచుకుంటూ ఉంటారు. రవణక్క పక్కనున్నది ప్లాస్టిక్ డబ్బా కాదు. ఎర్రలక్క, పసుపు గీతలు. నూనెకీ మసికీ ఆ గీతలు సగం చెరిగిపోయాయి.

"అక్కా, మనోలు గెలిసేరు. పెద్ద కప్పుకెల్తన్నారు."

కాలు ఆగలేదు. "ఎక్కడ గెలిసేరు?"

"థాయిలాండ్‌లో."

"మన దేసంలో కాదు కదా," అంది. నవ్వుతోందేమోనని ముఖంలోకి చూశాను. పిక్కలోకి చూస్తోంది. కప్పులో వేళ్ళు ముంచి తీసి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

"ఆ మూతెట్టి ఎల్లవే. నూనెలో నుసి పడతాంది."

పెట్టాను. మా మావయ్య పనిమంతుడు. మూత ఇప్పటికీ బిగుతుగానే పడుతుంది.