సీటు కోసం పోయి ప్రశ్న అడిగిన మా అక్క

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చిలో మా అక్క వాక్యం అప్పజెప్పడానికి లేచిందంటే, వెనక చాపల మీద గుసగుసలాడే ఆడవాళ్ళు కూడా నోళ్ళు మూసేవాళ్ళు. ఎంత పొడవు కీర్తన అయినా సరే, కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా గడగడా అప్పజెప్పేది. ప్రతి క్రిస్మస్‌కూ కంఠత పోటీలో బహుమతి మా ఇంటికే. మా ఇంట్లో స్టీలు గిన్నెలన్నీ అక్క నోటి సంపాదనే!

బడి పాఠాలూ అలాగే చదివేది. సైన్సయినా సోషలయినా ముందుకూ వెనక్కీ ఊగుతూ కంఠతా పట్టేయడమే. మైదుకూరు పక్కన మా పల్లెలో మంచి విద్యార్థి అంటే అదే మరి... పుస్తకం ఉన్నదున్నట్టు దించేస్తే చాలు. ఎదురు ప్రశ్న వేసే పిల్లకు మాత్రం 'నోటి దురుసు' అని పేరు. పెద్దవాళ్ళు చెప్పేటప్పుడు 'ఎందుకు?' అన్నామా, వీపు విమానం మోతే. నాకు చాలాసార్లు మోగింది లెండి.

మా ఊరి బడి ఏడో తరగతితో సరి. ఆపైన చదవాలంటే కడపలో ఆడపిల్లల హాస్టలు బడి ఒక్కటే దిక్కు. అందులో మిగిలింది ఒకే ఒక్క సీటు. నాయన ముందే తేల్చేశాడు.

"సీటొస్తే చదువుకో. రాకుంటే మీ అమ్మతో పాటు పసుపు చేన్లోకి పో. ఎదిగే పిల్లవి, దినామూ బస్సెక్కి మైదుకూరికి పోయి వచ్చే చదువు నాకొద్దు."

నాయన చెడ్డవాడు కాదు... భయస్థుడు, అంతే. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి అక్క అన్నం సరిగా తినలేదు.

సీటు కోసం కడపకు పోయిన రోజు నేనూ ఏడ్చి వెంటపడ్డాను. హాస్టలు బడి పెద్ద మేడమ్ గదిలో నాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. బయట వరండాలో అదే సీటు కోసం వచ్చిన పిల్లలు ఇంకా కూర్చుని ఉన్నారు. పరీక్ష కాగితం మీద కాదు, మేడమ్ తనే నోటితో అడుగుతారట. ఆమె మూలనున్న మంచినీళ్ళ కుండ చూపించారు.

"కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయమ్మా?"

అక్క ముఖం వెలిగిపోయింది. వచ్చిన పాఠమే! కళ్ళు మూసుకుంది.

"ద్రవం ఆవిరిగా మారడాన్ని బాష్పీభవనం అంటారు. బాష్పీభవనం..."

"ఆగు. నేను అడిగింది కుండ సంగతి."

అక్క ఆగింది. మళ్ళీ "ద్రవం ఆవిరిగా..." అని మొదలుపెట్టింది. నడిమధ్య నుంచి అందుకోవడం మా అక్కకు రాదు. ఎక్కడ ఆపినా మొదటికే పోవాలి. చర్చిలో ఎప్పుడూ, ఎవరూ ఆపలేదు కదా...

"పాఠం వద్దమ్మా. నీకు తెలిసింది చెప్పు."

అక్క పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. నా భుజం మీదున్న నాయన చెయ్యి బిగుసుకుంది. అయిపోయింది... అక్క చదువు ఈ గదిలోనే అయిపోయింది అనుకున్నాను. ఆ మేడమ్ మీద ఎంత కోపం వచ్చిందో! వచ్చింది చెప్పనివ్వదు, రానిది అడుగుతుంది!

మేడమ్ ఇంకో పిల్లను పిలవడానికి తలుపు వైపు తిరిగారు. అప్పుడు అక్క కళ్ళు తెరిచి కుండ వైపు చూసింది.

"మేడమ్... మా ఇంట్లో కుండ కొత్తగా ఉన్నప్పుడు నీళ్ళు శానా సల్లగుంటాయి. పాతబడినాక అంత సల్లగుండవు. కుండ అదే గదా... ఎందుకట్ల?"

పెద్ద మేడమ్‌కే ఎదురు ప్రశ్న వేసింది! నాయన గబగబా ముందుకు వచ్చాడు.

"నోరు ముయ్ మ్మే! ఎవురితో మాట్లాడతాండావు? అమ్మా, పల్లె పిల్ల, తెలీక అడిగింది. మనసులో పెట్టుకోగాకండి. సీటు లేదనగాకండమ్మా..."

చేతులు జోడించాడు. సీటు రాకుంటే చేనికే అన్న మనిషి, ఆ సీటు కోసం అలా వంగిపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మేడమ్ నవ్వలేదు, కోప్పడలేదు. లేచి వెళ్ళి కుండ పక్కల్ని చేత్తో తడిమి చూశారు. తిరిగొచ్చి కూర్చున్నారు.

"ఇదీ పాతదే. ఎందుకో నువ్వే కనుక్కో. బడి తెరిచాక మొదటి సైన్సు క్లాసులో లేచి అందరికీ చెప్పాలి."

నాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గేటు దాటాక మెల్లగా అడిగాడు.

"ఏమ్మే... సీటొచ్చినట్లా, రానట్లా?"

"వచ్చినట్లే నాయనా!" అని అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

పాత కుండకు సన్న రంధ్రాలు పూడిపోతాయి, నీళ్ళు బయటికి ఊరి ఆవిరి కావు, అందుకే చల్లబడవని మొదటి క్లాసులో లేచి చెప్పిందట. అక్కడ చేరాకే అక్కకు అసలు చదువు పట్టుబడింది. తెలియనిది తెలియదనడానికి సిగ్గుపడేది కాదు. సెలవుల్లో ఇంటికొస్తే పుస్తకం మూసేసి నాకు పాఠం చెప్పేది. మధ్యలో ఎన్నిసార్లు ఆపి అడిగినా విసుక్కునేది కాదు. నాయన కూడా మా వీపుల జోలికి రావడం మానేశాడు.

ఇప్పుడు నేను ఉండేది కర్నూలు పక్కన కల్లూరులో. మొన్న మా బాబు బడి నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది... "మీ బాబు క్లాసులో డౌట్లు ఎక్కువ అడుగుతున్నాడు. సిలబస్ వెనకబడుతోంది. దయచేసి ఇంట్లో చెప్పగలరు."

నేను దాచేలోపే వాడు చదివేశాడు. నిన్న సాయంత్రం బ్యాగు కూడా దించకుండా పరుగెత్తుకొచ్చాడు. "మా, ఈరోజు నేనేం అడగలేదు. మా మిస్ గుడ్ బాయ్ అనింది!"

వాడి ముఖంలో ఎంత సంతోషమో... నాకు మాత్రం మా అక్కా, ఆ కుండా గుర్తొచ్చాయి.

మీ చిన్నప్పుడు మిమ్మల్ని అడగనిచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి... మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివి వినిపిస్తాను.