వాయిదాలకు తోడొచ్చిన అత్త

మొన్న ఆదివారం వేలూరులో మా బాగాయం వీధిలోని చర్చి నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి, పక్క వీధిలో కత్తిపోట్లకు బలైన మనిషి ఇంటివాళ్లకు తాము ఏం చేస్తే బాగుంటుందో చెప్పమని అడిగారు. మా ఇంట్లోనూ అలాంటిది జరిగిందని ఎవరో చెప్పారట. మేం హిందువులం, గుడియాత్తం నేతపనివాళ్లం, నన్నడిగితే ఏం చెబుతానమ్మా అని కాఫీ ఇచ్చి పంపేశాను గానీ, వాళ్లు గేటు దాటిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

గుడియాత్తంలో ఉన్నప్పుడు మా అన్నను చంపింది పరాయివాడు కాదు, మా పెదనాన్న కొడుకే. వీధి కుళాయి దగ్గర నీళ్ల తగవు, పట్టపగలు, మా అమ్మ కళ్లెదుటే. చూసినవాళ్లు ఇంకో నలుగురున్నారు, అందరూ మావాళ్లే, అందుకే పదో రోజు దాటాక మా గడప తొక్కినవాడు లేడు. వస్తే ఒక్కమాట మీదే వచ్చేవాళ్లు: "పోయినోడు ఎట్లా రాడు, ఉండేవోణ్ణి జైలుకెందుకు పంపేది? రాజీ అయిపోమ్మా." సాక్ష్యం చెబితే కులంలో ఒంటరిదైపోతుంది, చెప్పకపోతే కన్నకొడుకు కుక్కచావు చచ్చినట్టే, అదీ ఆ రోజుల్లో మా అమ్మ బతుకు.

అప్పుడొచ్చింది వీధి చివరి అత్త. వరసకు అత్త అని పిలిచేవాళ్లమే తప్ప మాకేమీ కాదు, ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే బైబిలమ్మ. ఆమె వెంట చర్చి ఆడవాళ్లు వంతులు వేసుకుని సంగటి, పులుసు తెచ్చిపెట్టేవాళ్లు, నాకు తల దువ్వేవాళ్లు. ఇరవయ్యేళ్ల దాన్ని, నాకు తల దువ్వడమేమిటని విసుక్కునేదాన్ని, మళ్లీ మర్నాడు వాళ్ల కోసమే వాకిట్లో కూర్చునేదాన్ని.

అయితే మంచి చేయబోయి వాళ్లొక పని చేశారు. అన్న గుంట మగ్గం మీద సగం నేసిన లుంగీ అలాగే ఉండేది, పేక దారం ఆడించే నాడె కూడా వాడు పెట్టినచోటే ఉండేది. మేం ఆలంగాయంలో పెద్దమ్మ ఇంటికి పోయి ఐదు రోజులుండి వచ్చేసరికి, మేం తాళం చెవి ఇచ్చిపోయిన అత్త, ఆ పని ఆగిపోతే ఇల్లు ఎలా గడుస్తుందోనని, ఒక నేతగాణ్ణి పెట్టి పడుగంతా నేయించి, కోసి సావుకారుకు అప్పగించేసింది. ఒట్టి మగ్గం చూసి అమ్మ గుంటలోకి దిగి కూలబడిపోయింది. "నా బిడ్డ చెయ్యి ఆడ్నే నిలిచి ఉండాది అక్కా, దాన్నెందుకు కదిలిస్తిరి?" అని ఆమె ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. ఆ రోజునుంచి చర్చి వాళ్లకు మా తలుపు మూసేసింది. ఆ గుడ్డ కోసం అత్త సావుకారు కొట్టుకు ఎన్నిసార్లు తిరిగిందో, అది అప్పటికే ఎవరి నడుముకు చేరిందో, దొరకనే లేదు.

వేలూరు కోర్టులో మొదటి వాయిదా నాడు అమ్మా నేనూ బస్టాండుకు పోతే అత్త అక్కడ నిలబడి ఉంది, చేతిలో బైబిలు లేదు, సద్దిమూట ఉంది. అమ్మ మొహం తిప్పుకుంది. "నేనేమీ మాట్లాడనమ్మా, సుమ్మా, ఊరికే పక్కన కూసుంటా, అంతే" అంది అత్త. దారిలో కే.వి.కుప్పం దాటాక ఆమె సద్దిమూట విప్పితే అమ్మ చెయ్యి చాచింది. కోర్టు వాయిదా వేసింది, ఆ తర్వాతా వేసింది, ఏళ్లు గడిచాయి, ఆమె రాని వాయిదా ఒక్కటి లేదు. బడిలో అరవమే చదివిన నాకు ఆ వరండా బెంచీ మీద ఊరికే కూర్చోలేక విసుగెత్తుతుంటే తెలుగు అక్షరాలు నేర్పింది, ఇప్పుడు రాస్తున్నవి అవే.

సాక్ష్యం నాడు అమ్మ బోనెక్కింది. అమ్మకు బోనులోంచి కనబడేలా అత్త తలుపు దగ్గరే నిల్చుంది. అమ్మ ఆమె వైపే చూస్తూ మొదటినుంచీ చివరిదాకా చెప్పింది, ఎక్కడా తడబడలేదు. మిగిలిన నలుగురు మాత్రం మేమేమీ చూడలేదన్నారు. కేసు నిలవలేదు, పెదనాన్న కొడుకు విడుదలై మా ముందునుంచే నవ్వుకుంటూ పోయాడు.

అత్త ఇక వాణ్ణి క్షమించమంటుందేమో, దేవుడి చిత్తమంటుందేమో, అంటే ఈవిడను మొహం మీదే నాలుగు దులిపేద్దామని నేను పళ్లు బిగించుకుని ఉన్నాను. ఆమె అదేమీ అనలేదు. అమ్మ తల భుజానికి ఆనించుకుని, "నీ బిడ్డ పేరు నలుగురిలో నిలబడి చెప్పినావు గదమ్మా" అని మాత్రం అంది. అమ్మ ఆ రోజు తనివితీరా ఏడ్చింది.

అమ్మా లేదు, అత్తా లేదు. ఇప్పుడు ఎవరింట్లో ఘోరం జరిగినా అందరి ఫోన్లలోనూ చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడతాయి, నేనూ పంపుతాను, పంపి పొయ్యి మీది పాలు చూసుకుంటాను. నా కూతురింటికి పోయే బస్సు కోర్టు ముందు ఆగుతుంది. చెట్టు కిందో, మెట్ల మీదో, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒక్కతే కూర్చున్న ఆడమనిషి ఎప్పుడూ ఒకరు కనబడతారు. పక్కన కూర్చుంటే చాలునని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? అయినా ఇన్నేళ్లలో నేను అక్కడ ఆ బస్సు దిగింది లేదు.