మూర్తిగారి మెయిల్ నేనే తీసేశాను

చాలా ఏళ్ళుగా ఒక పని నా గుండె మీద కూర్చుని ఉంది. బరువే, కాదనను. కానీ ఆ బరువును ఇన్నాళ్ళూ పతకంలా మోశాను. అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. సిగ్గేనా? ఇప్పటికీ తలుచుకోగానే ముందు వచ్చేది నవ్వు.

నాకు మరిచిపోవడం చేతకాదు. ఎవరి పెళ్ళిలో ఎవరు నన్ను పంక్తిలోంచి లేపి తర్వాత తినమన్నారో ఇప్పుడడిగినా చెప్పగలను. మూర్తిగారు చేసింది అంతకంటే పెద్దది.

మాది బర్మామైన్స్, టాటానగర్ స్టేషను దగ్గర రైల్వేవాళ్ళుండే పేట. నాన్న టాటానగర్‌లో రైల్వే ఫిట్టరు. మూర్తిగారు నేను పనిచేసే ఉక్కు కంపెనీలోనే పెద్ద ఇంజనీరు. తెలుగువాళ్ళ సంఘం నాటకాలకు డైరెక్టరు కూడా ఆయనే. ఒక ఏడాది నేనూ వేషం అడిగాను. రిహార్సల్‌కి వచ్చిన జనమందరి ముందూ నాచేత రెండు డైలాగులు చెప్పించి, "ఇది రైల్వే తెలుగయ్యా, స్టేజీకి పనికిరాదు. నువ్వు మైకు పట్టుకో" అన్నారు. హాలంతా నవ్వింది. పెద్దాయన అన్న మాట కదా అని మా నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వుకి నాన్నను క్షమించాను. మూర్తిగారిని క్షమించలేదు. అప్పటినుంచి ఆయన ఆఫీసులో కూడా నన్ను "మైకూ" అనే పిలిచేవారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కంపెనీకి ఈమెయిల్ వచ్చింది. సర్వర్లు చూసేది నేను. వైరస్ మెయిళ్ళు వరదలా వచ్చిపడేవి. వాటిని ఏరివెయ్యడానికి నా చేతికి ఒక ప్రోగ్రాం ఇచ్చారు. సబ్జెక్టు లైను టైపు చేస్తే చాలు, అది అందరి మెయిల్‌బాక్సులూ గాలించి, ఆ మెయిల్ ఎక్కడున్నా తీసిపారేస్తుంది. పంపినవాడి దగ్గరున్న కాపీ కూడా మిగలదు. జనరల్ మేనేజర్ మెయిల్‌బాక్సయినా దానికి ఒకటే. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడి చేతిలో అంత అధికారం!

ఆ రోజుల్లోనే కొత్త ఫర్నేసు ప్రాజెక్టుకు అధిపతిని ఎంచుకుంటున్నారు. పోటీలో ఉన్నవాళ్ళు తమ ప్లానును శనివారం సాయంత్రంలోగా కమిటీకి మెయిల్ చెయ్యాలి. గడువు దాటితే ముట్టుకోరు. కమిటీవాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోయాక, గడువుకు కాస్త ముందు, మూర్తిగారు నాకు ఫోన్ చేశారు. పెద్ద డ్రాయింగులు పెట్టి మెయిల్ పంపారట, వెళ్ళిందో లేదో చూడమన్నారు. చూశాను. వెళ్ళింది. అదే చెప్పాను. "సరే మైకూ" అని ఠక్కున పెట్టేశారు.

ఆదివారం వైరస్ మెయిళ్ళు ఏరే పని ఉంది. ఏ సబ్జెక్టులు తీసెయ్యాలో మా బాస్ చెప్పి వెళ్ళాడు. వాటి కింద నేను ఇంకొకటి టైపు చేశాను. తెప్పించుకున్న టీ చల్లారేలోపల పని అయిపోయింది. తీసిన మెయిళ్ళను ఆ ప్రోగ్రాం ఒక ఫైల్లో దాచిపెడుతుంది, అవసరమైతే తిరిగి పెట్టడానికి. ఆ ఫైలును కూడా చెరిపేశాను. చెయ్యి వణికిందా? లేదు. వణికిందని రాస్తే మీకు నేను మంచివాణ్ణిగా కనిపించేవాణ్ణి.

సోమవారం కమిటీలో ఎవరి దగ్గరా ఆయన మెయిల్ లేదు. "మూర్తీజీ, భేజా హై తో దిఖాయియే" అన్నాడట జనరల్ మేనేజర్, పంపి ఉంటే చూపించమని. మూర్తిగారి కంప్యూటర్లో ప్లాను ఉంది. పంపిన ఆనవాలు లేదు. నేరుగా నా గదికి వచ్చారు. ఇద్దరమే ఉన్నాం.

"బాబూ, శనివారం నీకు ఫోన్ చేశాను కదా. వెళ్ళిందని చెప్పావు కదా. ఒక్కసారి వచ్చి ఆ మాట వాళ్ళతో చెప్పు."

బాబూ!

"ఏ సెనివారం సార్? మీరు నాకు ఫోన్ సెయ్యనేదు."

"అదేమిటయ్యా, డ్రాయింగులున్నాయని కూడా చెప్పాను..."

"అనుకుని ఉంటారు సార్. పని ఒత్తిడిలో ఒకోపాలి అలగే అనిపిత్తాది. రికార్డు సూసేను. మీ మెయిల్ నేదు."

"సరిగ్గా చూశావా?"

"ఏటి సార్ అలగంతారు? మనోడు కదా అని రెండుపాళ్ళు సూసేను."

ఆఫీసులో నేనెప్పుడూ అలా మాట్లాడను. ఆ రోజు కావాలనే మా ఇంటి తెలుగు మాట్లాడాను. ఆయన నవ్వలేదు. మెయిల్ పోయినా, నా వెనక స్క్రీన్ మీద సర్వర్ రాసుకునే చిట్టాలో అది శనివారం వెళ్ళినట్టు చూపించే లైను అలాగే ఉంది. ఆయనకు అది చదవడం రాదు.

ప్రాజెక్టు వేరేవాళ్ళకు పోయింది. ఆ తర్వాత మూర్తిగారు ఏ మెయిల్ పంపినా ప్రింటు తీసుకుని, స్వయంగా వెళ్ళి, అందిందా అని అడిగేవారు. ఇంకో పెద్ద పదవి ఇస్తామంటే, జ్ఞాపకం మునుపటిలా లేదని ఆయనే వద్దన్నారు. నాటకాలూ మానేశారు. డైరెక్షన్ నా చేతికి వచ్చింది. ఆ ఏడాది బర్మామైన్స్ కుర్రాళ్ళు స్టేజీ ఎక్కి మా తెలుగులోనే మాట్లాడారు. హాలు చప్పట్లతో ఊగిపోయింది. తెర పక్కన నిలబడి నేను రాజ్యం గెలిచినవాడిలా రొమ్ము విరుచుకున్నాను. గెలిచాను. అది ఇప్పటికీ కాదనలేను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. తర్వాత రాత్రులు కూడా.

మరి ఇది గుచ్చుకోవడం ఎప్పుడు మొదలైంది? చాలా కాలం తర్వాత, సాక్చి బజార్లో. మూర్తిగారు నడుస్తూ నడుస్తూ ఆగి, ఇంటికి తాళం వేశానా అని భార్యను అడుగుతున్నారు. "వేశారండీ, నేను చూశాను" అంటోంది ఆవిడ. మళ్ళీ అడిగారు. ఆవిడ మళ్ళీ అంతే ఓపికగా చెప్పింది. నన్ను చూసి ఆయన నవ్వారు. "మతి పోతోందయ్యా" అన్నారు. "వయసు కదా సార్" అన్నాను.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎప్పుడు దొరుకుతుంది? అయినా ఆ రెండో అబద్ధం ఎందుకు ఆడాను? మొదటిదానికి కోపం ఉంది, అవమానం ఉంది, ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. రెండోదానికి ఏముంది? గెలుపు అలవాటైపోయింది, అంతే.

ఆయన ఇప్పుడు లేరు. ఉన్నా, ఎదురుగా నిలబడి క్షమించమనేవాణ్ణో కాదో నాకు తెలియదు. మీరూ నన్ను క్షమించనక్కర్లేదు. మూర్తిగారికి మతిమరుపు లేదు. శనివారం ఆయన ఫోన్ చేశారు. మెయిల్ వెళ్ళింది. ఆయనకు గుర్తున్నదంతా నిజం. ఇన్నేళ్ళకు రాసేశాను. ఊపిరి ఆడుతోంది.