కూర మాడ్చబడింది

మా ఇంట్లో చెప్పుకునే కథ ప్రకారం, వేదాంతం ఎక్కువై నాకు మతి చలించింది, డాక్టరు బాగుచేశాడు. మా ఆయన ఈ కథ రక్తి కట్టించి చెబుతారు కనుక అందరూ నమ్మారు. కానీ వేదాంతం నాకు ఎక్కువ కాలేదు, అరకొరగా ఎక్కింది. బాగుపడ్డానో లేదో నన్ను భరించేవాళ్ళు చెప్పాలి.

ఎనభైల మొదట్లో మాట. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం, మల్కాపురంలో కాపురం. అమ్మకి బాగోలేదని కాకినాడ నుంచి అన్నయ్య టెలిగ్రాం ఇచ్చాడు. వాడు ప్రతిదానికీ హడావుడి చేస్తాడని మా ఆయనతో వాదించి ఒక రోజు ఆగాను. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఏడుపు రాలేదు.

మా పక్క వీధిలో ఒక రిటైర్డ్ లెక్చరరు గారు సాయంత్రాలు ఉపనిషత్తు పాఠం చెప్పేవారు. అందులో చేరాను. దుఃఖం కలిగితే అది ఎవరికి కలిగిందో చూడమన్నారాయన. బి.ఏ. చదివినదాన్ని, చూడటం దాకా ఎందుకని జవాబు నేనే రాసేసుకున్నాను: ఎవరికీ కాదు.

ఆ రోజునుంచి ‘నేను’ అనడం మానేశాను. తెలుగులో అదంత తేలిక కాదు. ‘నేను’ తీసేసినా ‘తిన్నాను’ చివర తోకలా వేలాడుతూనే ఉంటుంది. అందుకని క్రియలన్నీ మార్చాను. అన్నం తినబడింది. బట్టలు ఉతకబడ్డాయి. కూర మాడ్చబడింది. మాడ్చిందెవరని మా ఆయన అడిగితే, ఆ ప్రశ్నే అజ్ఞానం అన్నాను. ఇంత జ్ఞానంలోనూ నిద్ర మాత్రం పట్టేది కాదు. జాకెట్లు వదులైపోయాయి. ఆరు నెలలు చూసి, ఆయన సెలవు పెట్టి మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరు ఇక్కడి మనిషే. “ఏటమ్మా ఇబ్బంది?” అన్నాడు. ఇబ్బంది పడటానికి ఇక్కడెవరూ లేరన్నాను. ‘నేను’ ఎంత బూటకమో అరగంట వాదించాను. బల్ల కూడా చరిచాను. అంతా విని ఆయన, “సరేనమ్మా, మీరు లేరు, ఒప్పేసుకున్నాను. మరి ఇంతసేపూ నాతో దెబ్బలాడిందెవరు?” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, “అమ్మ దగ్గరికి వెళ్ళకుండా ఆగింది నేనే” అనేశాను. ఆ తర్వాత ఎంతసేపు ఏడ్చానో మా ఆయన చెబుతారు, ఆ ముక్క ఆయన కథలో నిజమే.

మర్నాడు లెక్చరరు గారి మీదికి యుద్ధానికి వెళ్ళాను. “లేదని నేనెప్పుడన్నానమ్మా? చూడమన్నాను. మీరు చూడకుండానే లేదని కొట్టేశారు” అన్నారాయన. యుద్ధానికి వెళ్ళినదాన్ని తప్పు ఒప్పుకుని వచ్చాను. నాకది అలవాటు లేని పని.

తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను. ‘నేనే’ అని ఒప్పుకుంటే బరువు దిగుతుందని డాక్టరు. బాగా చూస్తే ఆ ‘నేను’ కూడా కరుగుతుందని లెక్చరరు గారు. ఇద్దరినీ నమ్మాను. అయినా ఒక్కటి తేలలేదు. ఆ ‘నేను’ కరిగిపోతే, టెలిగ్రాం చేతిలో పెట్టుకుని ఆ రోజంతా మల్కాపురంలో కూర్చున్నది ఎవరు?